గేటు దాటే స్లడ్జ్, పైపు దాటే నీళ్ళు: శుద్ధి కంపెనీ బాధ్యత గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖలో గాజువాక వైపు ఒక మధ్యతరహా కంపెనీ ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంట్లు (ఈటీపీలు), అపార్ట్‌మెంట్ల మురుగునీరు శుద్ధిచేసే ప్లాంట్లు (ఎస్టీపీలు) కాంట్రాక్టు మీద నడుపుతుంది. అందులో కెమిస్టుగా పనిచేస్తున్న ఒకమ్మాయి అడుగుతోంది. వాళ్ళకు పని ఇచ్చే పెద్ద లిస్టెడ్ కంపెనీ "మీ సస్టైనబిలిటీ పాలసీ, రిపోర్టు పంపండి" అని, అంటే పర్యావరణం, మనుషుల విషయంలో మీ బాధ్యత ఎలా నెరవేరుస్తున్నారో రాసి పంపమని, మెయిల్ పెట్టింది. ఎండీ గారు ఆ పని ఈమెకు అప్పగించారు. ఆమె సందేహాలు మూడు. స్టేక్‌హోల్డర్లుగా (మన పని వల్ల మేలో కీడో కలిగేవాళ్ళుగా) ఎవరెవర్ని రాయాలి? బడికి ఆర్‌ఓ ప్లాంటు ఇచ్చాం, మొక్కలు నాటాం అని రాస్తే సరిపోతుందా? పోయిన ఏడాది కొన్ని నెలలు అవుట్‌లెట్ రీడింగులు (శుద్ధయ్యాక బయటికెళ్ళే నీళ్ళ పరీక్ష ఫలితాలు) లిమిట్ దాటాయి, అవి రిపోర్టులో పెట్టాలా?

చెల్లెమ్మా, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అక్కడ దారి తప్పితే మిగతా రిపోర్టంతా తప్పుతుంది. మొక్కలూ ఆర్‌ఓ ప్లాంటూ సరిపోవు. అవి మంచి పనులే, మానమని అనను. కానీ మురికి నీళ్ళని శుభ్రం చేస్తామని డబ్బు తీసుకునే కంపెనీ, ఆ నీళ్ళు నిజంగా శుభ్రమయ్యాయా, అందులోంచి తీసిన మురికి ఎక్కడికి పోయింది అన్నది చెప్పకుండా మొక్కల ఫొటోలు పెడితే, చదివేవాడికి మొదట వచ్చేది అనుమానమే. ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నాను: మనకి బాధ్యత అనేది లాభం వచ్చాక పక్కన పెట్టి ఖర్చుచేసే సొమ్ము కాదు, రోజువారీ షిఫ్టులో జరిగే పని.

చట్టం కూడా ఇలాగే చూస్తుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద కంపెనీల సామాజిక బాధ్యత ఖర్చు, అంటే సీఎస్‌ఆర్ వర్తించేది నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏదో ఒకటి చేరిన కంపెనీలకి. మీది దాని కిందకి రాకపోవచ్చు. వచ్చినా, మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనిని సీఎస్‌ఆర్‌గా చూపించడానికి లేదు. అదే చట్టంలో 166వ సెక్షన్ మాత్రం చిన్న కంపెనీ డైరెక్టరుకీ వర్తిస్తుంది. కంపెనీ, ఉద్యోగులు, వాటాదారులు, చుట్టూ ఉన్న సమాజం, పర్యావరణ రక్షణ, వీటన్నిటి మేలు చూస్తూ డైరెక్టరు నడుచుకోవాలని అందులో ఉంది. మీ ఎండీ గారికి ఆ ఒక్క సెక్షన్ ప్రింటు తీసి ఇవ్వండి. పాలసీ ఎందుకు రాస్తున్నామో వేరే వివరించక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రిపోర్టులో మొదటి పేజీకి రావాల్సింది స్లడ్జ్ లెక్క, అంటే నీళ్ళలోంచి తీసిన బురద లెక్క.

రోజుకి 100 కిలోలీటర్ల ఈటీపీ ఒకటి అనుకోండి. లోపలికొచ్చే నీళ్ళలో లీటరుకి 200 మిల్లీగ్రాముల ఘనపదార్థం తీసేస్తున్నామంటే, రోజుకి 20 కిలోల పొడి మురికి పట్టుకున్నట్టు. సున్నం, పటిక వేస్తే ఇంకా పెరుగుతుంది, దాన్ని పక్కన పెడదాం. ఫిల్టర్ ప్రెస్ నీరు పిండేశాక మిగిలే ముద్దలో (కేకులో) నాలుగో వంతు ఘనపదార్థం, మిగతాది తడి అనుకుంటే రోజుకి 80 కిలోల కేకు. నెలకి 2.4 టన్నులు, ఏడాదికి 29 టన్నుల దాకా. ఆ ప్లాంటు నుంచి పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, నిర్మూలన కేంద్రానికి వెళ్ళిన సరుకు చీటీలు (మానిఫెస్టులు) కూడితే ఏడాదికి అయిదు టన్నులే తేలాయనుకోండి. మిగతా 24 టన్నులు ఏమయ్యాయి? రెండే జవాబులుంటాయి. ప్లాంటు నడవలేదు, లేదా నడిచి స్లడ్జ్ ఎటో పోయింది. ఎటో అంటే మన దగ్గర ఎక్కువగా గెడ్డలోకే, అంటే వాగులోకే. వాన పడిన రాత్రి గెడ్డలో కలిపేస్తే తెల్లారేసరికి జాడ ఉండదని అనుకునేవాళ్ళని నేను చూశాను. జాడ ఉంటుంది. అడుగు మట్టిలో ఉంటుంది, ఆ గెడ్డ పక్క బోరులో ఉంటుంది.

ఈటీపీ కెమికల్ స్లడ్జ్ ప్రమాదకర వ్యర్థం. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల మొదటి షెడ్యూల్లో 35.3 అంకె కింద ఉంటుంది. మామూలుగా 90 రోజులకి మించి ఆవరణలో ఉంచకూడదు. పంపిన ప్రతిసారీ ఫారం 10 మానిఫెస్టు ఉండాలి, తీసుకున్నవాళ్ళ సంతకంతో ఉన్న ప్రతి తిరిగి ఫైలుకి చేరాలి. ఏటా జూన్ 30 లోపు ఫారం 4లో లెక్క చెప్పాలి. కాగితాల మీద ఇవి క్లయింటు బాధ్యతలు. అయితే ప్రెస్ తెరిచి కేకు గీకి సంచుల్లోకి ఎత్తేది మీ మనుషులు. లారీ ఎక్కే సంచుల బరువు వాళ్ళకి తెలుసు. అందుకే ప్రతి ప్లాంటుకీ "రావాల్సిన స్లడ్జ్, పంపిన స్లడ్జ్" అని రెండు వరసలు పక్కపక్కన వేసి రిపోర్టులో పెట్టండి. ఇలాంటి పట్టిక చాలామంది పెట్టరు. మీరు పెడితే ఆ పెద్ద కంపెనీ ఆడిటరు మిగతా పేజీలు వేరే కళ్ళతో చదువుతాడు.

ఇలాంటిదే కరెంటు లెక్క. ట్యాంకులోకి గాలి ఊదే ఏడున్నర కిలోవాట్ల బ్లోయరు 24 గంటలు పూర్తి లోడు మీద తిరిగితే 180 యూనిట్లు. ఈటీపీకి విడిగా పెట్టిన మీటరు 60 చూపిస్తే బ్లోయరు తిరిగింది ఎనిమిది గంటలు. లాగ్ బుక్కులో మూడు షిఫ్టులూ "బ్లోయర్ ఆన్" అని రాసి ఉన్నా సరే. కెమిస్టువి కాబట్టి ఈ లెక్కలు నీకు చిటికెలో పని. అవుట్‌లెట్ శాంపిలు ఒక్కదాన్నే నమ్మితే, మంచినీళ్ళు కలిపి పల్చన చేసి సీఓడీ (నీటిలో కాలుష్యం కొలిచే ఒక అంకె) దించినవాడు కూడా పాసైపోతాడు. వచ్చిన నీళ్ళు, వెళ్ళిన నీళ్ళు, కరెంటు, కెమికల్, స్లడ్జ్ అయిదూ ఒకదానికొకటి సరిపడితేనే ఆ రీడింగుకి విలువ.

మరి స్లడ్జ్ గెడ్డలోకి ఎందుకు పోతుంది? ఆపరేటరు చెడ్డవాడై కాదు. ఈ విషయం గురించి ఇంకెవరూ చెప్పరేమోనని కాస్త వివరంగా రాస్తున్నాను. అది టెండరు వేసిన రోజునే నిర్ణయమైపోతుంది. ఎస్టీపీ నడపడానికి నెలకింత అని కోట్ చేస్తాం. అందులో మనుషుల జీతాలు, కెమికల్, ల్యాబు, రిపేరు, స్లడ్జ్ రవాణా, డిస్పోజల్ ఉండాలి. పోటీలో ఎవరో తక్కువకి వేశారని మనమూ తగ్గిస్తాం. జీతాలు తగ్గించలేం, కనీస వేతనం ఉంది. పంపు కాలితే మార్చక తప్పదు. తగ్గించడానికి మిగిలేవి మూడు: కెమికల్, ల్యాబు, స్లడ్జ్. ఆ మూడే పర్యావరణం. అంటే కంపెనీలో అతి పెద్ద సస్టైనబిలిటీ నిర్ణయం మార్కెటింగ్ మేనేజరు ల్యాప్‌టాప్‌లో, ఎక్సెల్ షీటులో జరిగిపోతోంది. మీ పాలసీలో ఈ వాక్యం రాయించండి: "స్లడ్జ్ డిస్పోజల్, ల్యాబు పరీక్షల ఖర్చు విడి వరసల్లో చూపించకుండా ఏ కొటేషనూ బయటికి వెళ్ళదు, ఆ వరసల్లో తగ్గింపు ఇవ్వబడదు." ఎండీ గారికి ఇది కష్టంగానే ఉంటుంది. ఒకటి రెండు కాంట్రాక్టులు పోవచ్చు కూడా. కానీ పాలసీలో మిగతా పేజీలన్నీ కలిపినా ఈ ఒక్క వాక్యం చేసేంత పని చేయవు.

ఇక మీ మొదటి ప్రశ్న, స్టేక్‌హోల్డర్లు ఎవరని. మామూలుగా వాటాదారులు, క్లయింట్లు, ఉద్యోగులు, సప్లయర్లు, ప్రభుత్వం, సమాజం అని ఆరు పేర్లు రాసి ఊరుకుంటారు. నన్నడిగితే, మీ పని చెడితే ముందు దెబ్బ తగిలేది ఎవరికి, వాళ్ళకి తప్పుకునే దారి ఎంతుంది అన్న వరసలో రాయండి. క్లయింటు ఇంకో కంపెనీని పెట్టుకోగలడు. వాటాదారు వాటా అమ్ముకోగలడు. సంపులోకి దిగిన మనిషికి ఆ వీలు లేదు.

అందుకే మొదటి పేరు ఆపరేటరుది, హెల్పరుది. మన ప్లాంట్లలో ప్రాణాలు పోయేది ఎక్కువగా సంపుల్లో, ఈక్వలైజేషన్ ట్యాంకుల్లో, ఎస్టీపీ కలెక్షన్ ట్యాంకుల్లో. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, అందరికీ తెలుసు. గాలిలో వంద పీపీఎం (పదిలక్షల్లో వంద వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోతుంది, వాసన తెలియదు. "ఇందాక వాసనొచ్చింది, ఇప్పుడు పోయింది, దిగొచ్చు" అనుకోవడమే చావు. పైగా చాలా ప్రమాదాల్లో పోయింది ఒక్కరు కాదు. పడిపోయినవాణ్ణి లాగుదామని దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోయారు. కాబట్టి రూలు స్పష్టంగా ఉండాలి. గ్యాస్ మీటరు పెట్టకుండా, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువ ఉంటే, బ్లోయరుతో గాలి పంపకుండా, పైన తాడు పట్టుకుని మనిషి లేకుండా, రాతపూర్వక పర్మిట్ లేకుండా ఎవరూ దిగకూడదు. క్లయింటు మేనేజరు ఎంత తొందరపెట్టినా సరే. దిగనని చెప్పిన ఆపరేటరు మీద చర్య ఉండదని పాలసీలో తెలుగులో రాసి ప్లాంటు గోడకి అంటించండి.

మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ సరంజామా లేకుండా మనుషుల్ని దించడం 2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం కింద నేరం. ఇలాంటి మరణాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్టీపీ కాంట్రాక్టులు తీసుకునేవాళ్ళు ఈ రెండూ తెలియదనడానికి లేదు. ఇంకో మాట: రాత్రి షిఫ్టులో ఒక్క మనిషితో నడిచే అపార్ట్‌మెంట్ ఎస్టీపీలు మన ఊళ్ళో చాలా ఉన్నాయి. సెల్లారులో, గాలి ఆడని చోట, పన్నెండు గంటలు. అక్కడ పడిపోతే పొద్దున వాచ్‌మన్ చూసేదాకా తెలియదు. మీ రిపోర్టులో "ఒంటరి షిఫ్టులు ఎన్ని, ఈ ఏడాది ఎన్ని తగ్గించాం" అన్న అంకె ఉంటే నేను చాలా గౌరవిస్తాను.

రెండో పేరు పొరుగు. తాగునీటి ప్లాంట్లు కూడా నడుపుతుంటే క్లోరిన్ నింపిన పెద్ద సిలిండర్లు (టన్నర్లు) ఉంటాయి, ఒక్కోదానిలో 900 కిలోలు. క్లోరిన్ గాలికంటే రెండున్నర రెట్లు బరువు, నేలబారున పాకుతూ పల్లానికి పోతుంది. విశాఖవాళ్ళకి ఇది పుస్తకాల్లో విషయం కాదు. 2020 మే 7న తెల్లవారకముందే వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది పోయారు. పక్కన ఫ్యాక్టరీలో ఏముందో, లీకైతే ఎటు పరుగెత్తాలో ఆ ఊరివాళ్ళకి ముందుగా తెలియకపోతే ఏమవుతుందో ఆ రోజు చూశాం. క్లోరిన్ వాసనొస్తే గాలికి అడ్డంగా పక్కకి, ఎత్తు వైపుకి వెళ్ళాలి, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోవాలి. ఈ రెండు ముక్కలు చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి చెప్పడానికి ఒక సాయంత్రం చాలు. వీలైన చోట టన్నరు మానేసి సోడియం హైపోక్లోరైట్ ద్రావణానికి మారండి. ఖర్చు కొంచెం ఎక్కువే, అయినా జనావాసాల మధ్య ఉన్న ప్లాంటుకి అదే సరైనది.

మూడో పేరు నీళ్ళు చివరికి చేరే చోట బతికేవాళ్ళు. పరవాడ, అచ్యుతాపురం వైపు పరిశ్రమలకి కింద ఉన్నది సముద్రం. సముద్రంలో కలిపే నీటికి సాధారణ ప్రమాణాల్లో బీఓడీ (కుళ్ళే మురికిని కొలిచే అంకె) లీటరుకి 100 మిల్లీగ్రాములు, నదులు, చెరువుల్లాంటి వాటిలో కలిపేదానికి 30. ఈ తేడా చూసి "సముద్రమే కదా" అనే మాట వస్తుంది. జాలరికి సముద్రమే పొలం. నక్కపల్లి దగ్గర రాజయ్యపేటలో మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ ఎందుకు రోడ్డెక్కారో ఒకసారి పేపర్లు తిరగేసి చూడండి. అలాంటి చోట ముందు తలెత్తే ప్రశ్న చాలా మామూలుది: మీరు వదిలేదాంట్లో ఏముంది? మీ రీడింగులు వాళ్ళకి అర్థమయ్యే తెలుగులో, నెలకోసారి, ఊరి పెద్దల చేతికి ఇచ్చే ఏర్పాటు క్లయింటుతో మాట్లాడి చేయించగలిగితే, అది వంద అవగాహన సదస్సుల కంటే మేలు.

నాలుగో పేరు ఎవరూ రాయరు: ఎక్కడో ఉన్న రైతు. విశాఖకి సొంత నది లేదు. ఏలేరు నీళ్ళు దాదాపు 150 కిలోమీటర్లు కాలువలో నడిచి వస్తాయి. రైవాడ నీళ్ళు శారదా నదివి, తాటిపూడివి గోస్తనివి. రైవాడ నీళ్ళు పూర్తిగా సాగుకే ఇవ్వాలని ఆయకట్టు రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. మనం ఒక ఫ్యాక్టరీలో శుద్ధిచేసిన నీళ్ళని కూలింగ్ టవరుకో, టాయిలెట్లకో తిప్పి వాడించామంటే ఆ మేరకు ఆ రిజర్వాయరు మీద ఒత్తిడి తగ్గుతుంది. "ఇన్ని కిలోలీటర్లు తిరిగి వాడాం" అని రాసేటప్పుడు ఆ ప్లాంటుకి నీళ్ళు ఏ రిజర్వాయరు నుంచి వస్తున్నాయో కూడా రాయండి. అప్పుడు ఆ అంకె వెనక మనుషులు కనిపిస్తారు.

సప్లయర్ల గురించి ఒక్క మాట: చిన్న పరిశ్రమలకి 45 రోజుల్లోపు డబ్బు చెల్లించండి, ఎంఎస్ఎంఈ చట్టం చెప్పేదీ అదే. కాంట్రాక్టు మనుషులకి పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు నిజంగా కట్టారో లేదో మీరే చూడండి, కాంట్రాక్టరు మాట మీద వదలకండి.

కరెంటు ఆదా గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎస్టీపీ కరెంటులో సగానికి పైగా గాలి ఊదడానికే పోతుంది. ఏరేషన్ ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాములు చాలిన చోట నాలుగు, అయిదు పెట్టి నడిపే ప్లాంట్లు ఎన్నో. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని తగ్గించే పరికరం) పెట్టడం, మూసుకుపోయిన డిఫ్యూజర్లు (గాలి బుడగలు వదిలే భాగాలు) మార్చడం సోలార్ పలకల కంటే ముందు చేయాల్సిన పనులు. జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (చుక్క నీరు కూడా బయటికి వదలం) అని గొప్పగా రాసేముందు కూడా ఆగండి. ఆర్‌ఓ వదిలేసిన ఉప్పు నీళ్ళని ఎంఈఈ అనే యంత్రంలో ఆవిరి చేయడానికి బాయిలరులో బొగ్గు మండుతుంది, చివర్లో మిగిలిన ఉప్పు మళ్ళీ పరవాడకే వెళ్ళాలి. చాలాచోట్ల అది అవసరమే, నేను కాదనను. కానీ బొగ్గు, ఉప్పు లెక్కలు చెప్పకుండా "జీరో" అని ఒక్కటే రాయడం సగం నిజం. పర్యావరణం పేరుతో తప్పుదోవ పట్టించే ప్రచారం మీద కేంద్రం 2024 అక్టోబరులో మార్గదర్శకాలు కూడా తెచ్చింది.

మీ క్లయింటు అడుగుతున్నది ఎందుకో కూడా తెలిసి ఉండాలి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనల ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే వ్యాపార బాధ్యత, సస్టైనబిలిటీ రిపోర్టు తప్పనిసరిగా ఇస్తున్నాయి. అందులో తొమ్మిది సూత్రాలున్నాయి. మీకు ముఖ్యంగా కావాల్సినవి మూడోది, ఉద్యోగుల క్షేమం, నాలుగోది, స్టేక్‌హోల్డర్లు, ఆరోది, పర్యావరణం. పైన చెప్పిన లెక్కలు మీ దగ్గరుంటే వాళ్ళ ఫార్మాటు నింపడం రెండు రోజుల పని. లెక్కలు లేకుండా ఫార్మాటుతో మొదలుపెడితే నెల రోజులు కూర్చున్నా మాటలే మిగులుతాయి.

చివరిగా ఆ లిమిట్ దాటిన రీడింగులు. పెట్టాలి. అయితే ఒక చిక్కుంది. ప్లాంటు నడిపేది మీరైనా, కాలుష్య నియంత్రణ బోర్డు (పీసీబీ) నడపడానికి ఇచ్చిన అనుమతి పత్రం సీఎఫ్‌ఓ క్లయింటు పేరు మీద ఉంటుంది, రీడింగులూ వాళ్ళవే. వాళ్ళని అడక్కుండా పేరుతో బయటపెట్టడం కాంట్రాక్టు ఉల్లంఘన కావచ్చు. కాబట్టి పేర్లు లేకుండా, మొత్తం మీద రాయండి: మేం నడిపే ప్లాంట్లలో ఏడాది మొత్తం ఇన్ని శాంపిళ్ళు తీశాం, ఇన్ని లిమిట్ దాటాయి, కారణాలు ఇవి. వాటిలో ఎన్నింట్లో తప్పు మనది, ఎన్నింట్లో లోపలికొచ్చిన నీళ్ళే డిజైన్ కంటే ఎక్కువ లోడుతో వచ్చాయి అన్నది విడదీసి చూపించండి. రెండో రకంలో, "మీ ప్రొడక్షన్ పెరిగింది, ప్లాంటు చాలదు" అని క్లయింటుకి రాసిన ఉత్తరం తేదీ ఉండాలి. ఆ ఉత్తరం రాసి ఉండకపోతే ఈ వారమే రాయండి.

అవి కాక, ట్యాంకు పొంగో, పైపు పగిలో శుద్ధి కాని నీళ్ళు అకస్మాత్తుగా బయటికి పోయిన సందర్భాలుంటే అది వేరే విషయం. 1974 నీటి చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఆ స్థలానికి బాధ్యుడుగా ఉన్న వ్యక్తి వెంటనే బోర్డుకి చెప్పాలి. రాత్రి రెండింటికి ఆ స్థలంలో బాధ్యుడుగా ఉండేది చాలాసార్లు మీ షిఫ్టు ఇన్‌చార్జే. పీసీబీ రీజనల్ ఆఫీసుకి ఎవరు ఫోన్ చేస్తారు, క్లయింటు ఫోన్ ఎత్తకపోతే ఎంతసేపు ఆగాలి అన్నది ఇప్పుడే క్లయింటుతో కూర్చుని తేల్చుకోండి, కాంట్రాక్టు రెన్యువల్లో ఒక క్లాజుగా పెట్టించండి. "అరగంటలో క్లయింటు ప్రతినిధి స్పందించకపోతే ఆపరేటింగ్ కంపెనీ నేరుగా బోర్డుకి తెలియజేస్తుంది, దానికి కాంట్రాక్టు పరంగా ఎలాంటి పెనాల్టీ ఉండదు." ఈ మాటలు అలాగే వాడుకోవచ్చు. క్లయింటు లీగల్ విభాగం మొదట ఒప్పుకోదు. 31వ సెక్షన్ కాపీ జతచేసి మళ్ళీ పంపండి.

ముసాయిదా తయారయ్యాక పట్టికలు ఇక్కడ పెడితే చూసి చెబుతాను. క్లయింట్ల పేర్లు తీసేసి పెట్టండి.